లైటు వెలుగుతోందిగా!

పన్నెండు కావస్తోంది. అందరూ పడుకున్నారు. టేబుల్ నిండా స్క్రూలు, తీగలు. రేపటికల్లా ఖాళీ చేస్తానని మాటిచ్చాను కాబట్టి ఈ రాత్రికి దాని జోలికి ఎవరూ రారు. నేనూ పడుకోవాల్సిందే, కానీ ఒక మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. దాన్ని ఇక్కడ దించితే గానీ నిద్ర పట్టేలా లేదు.

"లైటు వెలుగుతోందిగా."

ఇవాళ మా ఆయన ఈ మాట మూడుసార్లు అన్నారు.

మా పెద్దమ్మాయి కోసం అటక మీది సామాన్లతో కడుతున్న కంప్యూటర్ సంగతి ఇది. మదర్‌బోర్డు ఒక చోటిది, ర్యామ్ ఇంకో చోటిది, గ్రాఫిక్స్ కార్డు మూడో చోటిది. అన్నీ బిగించి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి. నాలుగు సెకన్లు. తెర మీద లోగో ఇలా మెరిసిందో లేదో, టక్కున ఆరిపోయి మళ్ళీ దానంతటదే మొదలైంది. మళ్ళీ ఫ్యాన్లు, మళ్ళీ టక్కు. ఒక్కోసారి లోగో దాకా కూడా రాలేదు.

"ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానంగా ఉంది" అన్నాను, నాలో నేను అనుకున్నట్టే. (గోడలోంచి వచ్చే కరెంటుని కంప్యూటర్‌కి కావాల్సిన చిన్న వోల్టులుగా మార్చే డబ్బా అది.) ఫోన్లోంచి తలెత్తకుండా ఆయన ఇచ్చిన తీర్పు అది. కరెంటు వస్తోందిగా, బోర్డు మీద లైటు వెలుగుతోందిగా అని.

ఆ లైటు సంగతి చెప్పకపోతే నా మంట మీకు అర్థం కాదు. బోర్డు మీది ఆ బుల్లి లైటు వెలగడానికి ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవ్వనక్కర్లేదు. ప్లగ్గు పెట్టి వెనక స్విచ్ వేస్తే చాలు, ఊదారంగు తీగలో 5 వోల్టులు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. స్టాండ్‌బై అంటారు దాన్ని. మనం బటన్ నొక్కాక బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండ్‌కి కలుపుతుంది. అప్పుడు లేస్తాయి అసలువి: పసుపులో 12, ఎరుపులో 5, నారింజలో 3.3. అవి నిలదొక్కుకున్నాక బూడిదరంగు తీగలో "ఇక్కడంతా బాగానే ఉంది" అని ఒక కబురు వెళ్తుంది. ఆ కబురు అందాకే ప్రాసెసర్ కళ్ళు తెరుస్తుంది. మధ్యలో ఆ కబురు తెగిందా, అంతా మళ్ళీ మొదటికి. అంటే లైటు వెలుగుతోందంటే వాచ్‌మన్ మెలకువగా ఉన్నాడని అర్థం, ఇంట్లోవాళ్ళు లేచారని కాదు.

ఇదంతా రెండోసారికి ఓపిగ్గానే చెప్పాను. మూడోసారి చెప్పలేదు. స్క్రూడ్రైవర్ని టేబుల్ మీద కొంచెం గట్టిగా పెట్టానంతే.

మా చిన్నప్పుడు ఈ గొడవే లేదు. ఆఫ్ అంటే ఆఫే. ఈ ఏటీఎక్స్ పద్ధతిని ఇంటెల్ తెచ్చింది 1995లో. మా ఇంట్లోది అంతకు ముందు రకం, ఏటీ. డబ్బా ముందు భాగంలో ఉండేదే అసలు స్విచ్, లావుపాటి నల్ల తీగలో మెయిన్ కరెంటే దాని దాకా వచ్చేది. విండోస్ 95లో షట్‌డౌన్ కొడితే నల్లటి తెర మీద నారింజ అక్షరాలు పడేవి, ఇప్పుడిక కంప్యూటర్ ఆపుకోవచ్చు అని. ఆపడం దాని వల్ల కాదు, మనమే నొక్కాలి. రోజంతా కీబోర్డు ముట్టనివ్వని అన్నయ్య ఆ ఒక్క పనీ నాకిచ్చేవాడు. "అక్షరాలు పడ్డాయే, రా!" అని కేకేసేవాడు. ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేదాన్ని. ఠప్పుమనే ఆ స్విచ్ చప్పుడు, దాంతో పాటే నీరసంగా దిగిపోయే ఫ్యాను మోత, ఇప్పటికీ వేళ్ళకి గుర్తే.

ఆ ఏటీ ఎస్‌ఎంపీఎస్‌కి బోర్డులోకి వెళ్ళే కనెక్టర్లు రెండుండేవి, ఆరేసి తీగలవి, పక్కపక్కన గుచ్చాలి. ఇప్పటి 24 పిన్నులదానికి కొక్కెం ఉంటుంది, తిరగేస్తే ఎక్కదు. అవి అలా కాదు. ఇటుది అటు, అటుది ఇటు పెట్టినా కూర్చునేవి. ఆన్ చేస్తే బోర్డు బూడిదే. అందుకని అందరూ ఒకే ముక్క కంఠతా పట్టేవాళ్ళు: నలుపు పక్కన నలుపు. రెండు కనెక్టర్ల నల్ల తీగలు మధ్యలో కలుసుకోవాలి.

ఒకసారి అన్నయ్య గుచ్చే పని కూడా నాకిచ్చాడు. నేను గుచ్చేసి, గర్వంగా వేలు స్విచ్ మీద పెట్టేశాను. వాడు కేక పెట్టలేదు. నా వైపు కూడా చూడలేదు. మామూలుగా అడిగాడు, "నలుపెక్కడుందే?" అని. వంగి చూశాను. మధ్యలో ఎరుపు పక్కన నారింజ ఉంది. నలుపులు రెండూ చెరో చివర, అలిగిన తోటికోడళ్ళలా. వేలు తీసేశాను. ఆ తర్వాత వారం రోజులు ఆ స్విచ్ దగ్గరికి పోలేదు. తిట్టి ఉంటే ఏడ్చి మర్చిపోయేదాన్నేమో. ఆ ప్రశ్న మాత్రం పోలేదు.

ఎక్కడున్నాం? ఎస్‌ఎంపీఎస్.

దాని మీద ఒక స్టిక్కర్ ఉంది. నీలం ఇంకుతో "ఓకే" అని. ఆ స్టిక్కర్ని నమ్మే దీన్ని బిగించాను. అయినా అనుమానం తీర్చుకుందామని జెమ్ క్లిప్పు పరీక్ష చేశాను. ప్లగ్గు తీసేసి, 24 పిన్నుల కనెక్టర్లో ఆకుపచ్చకీ పక్కనున్న నలుపుకీ క్లిప్పు వంచి గుచ్చి, మళ్ళీ ప్లగ్గు పెడితే, బోర్డు లేకుండానే ఎస్‌ఎంపీఎస్ లేవాలి. లేచింది. ఫ్యాను జుయ్యిమని తిరిగింది. చూశారా, దీనికేం రోగం లేదు అని ఇంట్లో అందరికీ వినబడేలా అన్నాను. "నేను చెప్తూనే ఉన్నాగా" అని లోపల్నుంచి జవాబు.

అక్కణ్ణుంచి మూడు గంటలు బోర్డు మీద పడ్డాను. ప్రాసెసర్ పక్కన పెట్టే నాలుగు పిన్నులది సరిగా కూర్చుందా? కూర్చుంది. ర్యామ్ ఒక్కటే ఉంచి చూశాను. బోర్డు బయటికి తీస్తే కింద క్యాబినెట్‌లో ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తి పట్టే బుల్లి కాలు) ఒకటి అదనంగా కనబడింది, దాని పైన బోర్డుకి బెజ్జమే లేదు. వెనకవైపు అతుకులకి అది తగిలితే షార్టే మరి. దొంగ దొరికాడని చిన్నాణ్ణి కూడా పిలిచి చూపించాను. తీరా బోర్డుని అట్టపెట్టె మీద పరిచి ఆన్ చేస్తే అదే పాట, నాలుగు సెకన్లు, టక్కు. చిన్నాడు మర్యాదగా వెళ్ళిపోయాడు.

చివరికి గ్రాఫిక్స్ కార్డు పీకేసి బోర్డుకున్న వీడియోతో చూస్తే ఏముంది, నిక్షేపంగా వచ్చింది. ఇరవై నిమిషాలు ఉంచినా ఆరలేదు. కార్డు పెట్టగానే మళ్ళీ టక్కు.

అప్పుడు తీశాను వోల్టులు కొలిచే మల్టీమీటర్. ముందే తియ్యాల్సింది, ఒప్పుకుంటున్నాను. నల్ల తీగ మీద ఒక ముల్లు, పసుపు మీద ఒక ముల్లు. క్లిప్పుతో ఒంటరిగా నడిస్తే 12.18. బోర్డు తగిలిస్తే 11.9. కార్డు పెట్టి నొక్కితే అంకెలు జారుతూ 11.3 దగ్గర కనబడి ఆరిపోయింది. 12కి అటూ ఇటూ ఐదు శాతం దాకా ఫర్వాలేదు, అంటే 11.4 కంటే దిగకూడదు. పైగా మీటరు చూపించేది సగటు. రెప్పపాటులో పడి లేచేవి దాని కంటికి ఆనవు.

లేబుల్ చూశాను. 450 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 12 వోల్టుల దగ్గర 16 యాంపులు. గుణిస్తే 192 వాట్లు. మిగతాదంతా 5, 3.3ల మీద ఉంది, పాత కాలం బోర్డులు అటే లాగేవి కాబట్టి. ఇప్పటి సరుకంతా 12 మీదే బతుకుతుంది. ఈ కార్డు స్లాటులోంచి 75, ఆరు పిన్నుల తీగలోంచి 75 దాకా లాగొచ్చు. ప్రాసెసర్ 65. లెక్క మీరే కూడుకోండి.

పాపం చెడిపోలేదు, చిన్నదంతే అని కాసేపు జాలిపడ్డాను. అసలీ టపాని "ఎస్‌ఎంపీఎస్ మీద నిందలు వెయ్యకండి" అనే ధోరణిలోనే మొదలుపెడదామనుకున్నాను కూడా. కానీ లోగో దగ్గరే కార్డు అంత లాగదు కదా? ఆ లెక్క కుదరక టార్చి పట్టి ఫ్యాను జాలీలోంచి తొంగి చూశాను. రెండు కెపాసిటర్ల నెత్తులు పొంగి ఉన్నాయి. ఒకదాని మీద గోధుమరంగు పెచ్చు. (విప్పి చూడలేదు. మీరూ విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టుల పైచిలుకు కాసేపు నిలవ ఉంటుంది.)

జాలి పోయింది, కోపం వచ్చింది. ఈ ముసలిదానికి ఓకే అని స్టిక్కర్ అంటించిందెవరు?

నేనే. "ఓ" కొమ్ముని అలా మెలితిప్పేది మా ఇంట్లో నేనొక్కదాన్నే. ఎప్పుడో అటక సర్దినప్పుడు ఇదే క్లిప్పు పరీక్ష చేసి, ఫ్యాను తిరగ్గానే ఓకే అని రాసి పడేశానన్నమాట. ఆయన లైటు చూసి అన్నారు, నేను ఫ్యాను చూసి రాశాను. ఆయన అన్నదాన్ని మూడుసార్లు విదిలించి కొట్టాను. నేను రాసినదాన్ని సాయంత్రమంతా నమ్మాను. ఇది రాస్తుంటే ఆయన మీద కోపం తగ్గిపోవాలి, న్యాయంగా. సగం తగ్గింది. మూడోసారి అన్నప్పుడు నవ్వకుండా ఉంటే మిగతా సగం కూడా తగ్గేది.

అన్నయ్యకి ఓ నోటుపుస్తకం ఉండేది. ఏ ఎస్‌ఎంపీఎస్ కొలిచినా అంకె పక్కన ఏమేం తగిలించి కొలిచాడో రాసేవాడు. "11.86, డిస్కులు రెండు, సీడీ తిరుగుతుండగా." చాదస్తం అని నవ్వేదాన్ని.

అన్నయ్యకే ఫోన్ చేశాను. పోయినేడు వాడు మార్చేసిన మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (తీగలు విడిగా ఊడొచ్చే రకం) ఒకటి మా అటక మీదే ఉంది, దానికి డిస్కు తీగ ఒక్కటే కనబడటం లేదు. వేరే దాని తీగ పట్టింది, చక్కగా క్లిక్కుమంది కూడా. పెట్టేస్తున్నానని చెప్తూనే ఉన్నాను.

"ఆ తీగ ఎక్కడిదే?" అన్నాడు.

వేలు స్విచ్ మీదుంది. నిజంగానే ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు కొనకి అందరికీ ఒకే లెక్క ఉండదు. ఒకరి తీగలో 5 వచ్చే పిన్నులో ఇంకొకరిది 12 రావచ్చు, డిస్కు ఆ క్షణానే పోతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఇంకొకళ్ళు చేస్తే నేనే చెప్పేదాన్ని. తెలిసి కూడా క్లిక్కుమన్న చప్పుడుకి పడిపోయాను. ఇన్నేళ్ళొచ్చాక కూడా అదే గొంతు, అదే మామూలు ప్రశ్న. కృతజ్ఞత కంటే ఉక్రోషమే ఎక్కువొచ్చింది. "తెలుసులే" అని పెట్టేశాను. రేపు మళ్ళీ చెయ్యాలి.

డిస్కు లేకుండానే ఆన్ చేశాను. కార్డుతో సహా వచ్చింది, ఆరలేదు. బోర్డు సొంత సెట్టింగుల తెర, బయోస్‌లో 12 వోల్టుల దగ్గర 12.09. పెద్దది నిద్రమత్తులోనే చూసి "బాగుందమ్మా" అని వెళ్ళి పడుకుంది.

క్లిప్పు ఇంకా పాతదాని కనెక్టర్లోనే ఉంది. చిన్నాడి స్కూలు కాగితాలకి పెట్టినది లాక్కొచ్చాను, వాడికింకా తెలియదు. తీసి వంపులు సరిచేద్దామని అరగంట నుంచీ చూస్తున్నాను. మధ్య వంపు మాత్రం ఎంతకీ కుదరట్లేదు. వాడి కాగితాలేమో పద్నాలుగున్నాయి.