పాత నిబంధన పేపర్: రాజుల చార్టు చేత్తో వేసుకోండి

అందరికీ వందనాలు. ఫలితాలొచ్చాయి, మా బి.డి. (దైవశాస్త్ర పట్టా) పాత నిబంధన పేపర్ గట్టెక్కింది, దేవునికి స్తోత్రం! పోయినసారి దెబ్బతీసింది రాజుల కాలక్రమమే. అచ్చు చార్టు బట్టీపడితే ప్రశ్న కాస్త తిప్పి అడగ్గానే ఏమీ గుర్తురాదు.

ఏ4 కాగితం అడ్డంగా పెట్టండి. ఎడమ ఇశ్రాయేలు (ఉత్తర రాజ్యం), కుడి యూదా (దక్షిణ రాజ్యం), నడుమ ప్రవక్తలకు సన్నని గడి. పైన మొదటి రాజులు యరొబాము, రెహబాము ఎదురెదురుగా. అక్కణ్ణుంచి సూటిగా 2 రాజులు 9కి వెళ్లండి. ఇశ్రాయేలు సేనాధిపతి యెహూ ఒకే దాడిలో రెండు రాజ్యాల రాజుల్నీ పడగొట్టాడు కాబట్టి అక్కడ రెండువైపులా కలిపి అడ్డగీత గీయండి. ఇప్పుడు పైనుంచి ఆ గీతదాకా ఏళ్లు కూడండి. ఇశ్రాయేలు 22, 2, 24, 2, జిమ్రీ 7 రోజులు, 12, 22, 2, 12: మొత్తం 98. యూదా 17, 3, 41, 25, 8, 1: మొత్తం 95.

కాలం ఒకటే, మొత్తాలు మాత్రం కలవవు; చాలామంది ఇక్కడే కూడిక తప్పిందనుకుని కొట్టేస్తారు. తప్పలేదు. ఇశ్రాయేలు రాజు నాదాబు, యూదా రాజు ఆసా ఏలుబడి 2వ ఏట గద్దెనెక్కి 3వ ఏటే హతమయ్యాడు, అయినా రెండేళ్లు ఏలాడనే ఉంటుంది (1 రాజులు 15:25, 28). ఇశ్రాయేలు రాజు ఏలా కూడా అంతే, ఆసా 26వ ఏటినుంచి 27వ ఏటికి. ఉత్తరాన ఏలుబడి మొదటి ఏటి ముక్కనూ చివరి ఏటి ముక్కనూ నిండు ఏళ్లుగా కట్టారు. జవాబులో ఈ ఒక్క ఉదాహరణ రాస్తే చాలు.

గీతకు కాస్త పైన పేర్ల చిక్కుంది. ఇశ్రాయేలులో అహజ్యా, తర్వాత యెహోరాము: అన్నదమ్ములు, అహాబు కొడుకులు. యూదాలో యెహోరాము, తర్వాత అహజ్యా: తండ్రీకొడుకులు. వరుస తిరగబడింది! ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు రాయండి. ప్రవక్త ఆమోసు యూదాలోని తెకోవవాడే గానీ ప్రవచించింది ఇశ్రాయేలులోని బేతేలులో, అతన్ని ఇశ్రాయేలు వైపుకే జరపండి.

రోజూ పావుగంట, తెల్లకాగితం మీద చూడకుండా వేయండి. నాలుగు రోజులు మానితే ఉత్తర రాజవంశాలు కలగాపులగమే. పుస్తకాలు తక్కువ చదివి పాసయ్యారనే మాట మా గురించి వినిపిస్తోంది. తక్కువే చదివాం, కానీ వాక్యంతో సరిచూడని అంకె ఒక్కటీ పేపర్లో పెట్టలేదు.

కొత్త నిబంధనకు నాలుగు సువార్తలనూ పక్కపక్కన పెట్టిన సమాంతర పట్టిక చాలు. దేవాలయ శుద్ధి యోహానులో 2వ అధ్యాయంలోనే వస్తుంది, మిగతా మూడింట్లో చివరి వారంలో. పదసూచిక వాడితే స్ట్రాంగ్స్ నంబర్లు (ఒక్కో మూలభాషా పదానికి ఇచ్చిన సంఖ్య) ఉన్నదే తీసుకోండి. యోహాను 21లో యేసు పేతురును అడిగే మాట తెలుగున మూడుసార్లూ "ప్రేమించుచున్నావా" అనే ఉంటుంది. గ్రీకులో మొదటి రెండుసార్లు అగపావో, 25. మూడోసారి ఫిలేయో, 5368.