బెజవాడ ఉక్కలో నేర్చుకున్న 113 కిలోమీటర్లు

మే నెల రెండో ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర. ఉండవల్లి దాటాక కరకట్ట మీద సైకిల్ దిగి ఓ చెట్టు మొదట్లో కూలబడ్డాను. పిక్కలు రెండూ పట్టేశాయి, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. అప్పటికే మూడున్నర లీటర్ల నీళ్లు తాగాను. దాహం లేదు, కడుపు మాత్రం బిందెలా ఉబ్బింది. నల్ల టీషర్టు మీద ఛాతీ నుంచి నడుము దాకా తెల్లటి చారలు. గీకితే గోటి కిందికి ఉప్పు చేరింది.

అక్టోబరులో గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 రేసుకి అప్పటికే ఫీజు కట్టేశాను. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, ఆ తర్వాత 21.1 కిలోమీటర్ల పరుగు. అంతా కలిపి 113 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాలి. పుట్టి పెరిగింది పటమటలో. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు చూసినవాణ్ణి, గోవా ఉక్క నన్నేం చేస్తుందిలే అనుకున్నాను.

ఆ సాయంత్రం గుంటూరులో డాక్టరుగా చేస్తున్న మా పెద్దమ్మ కూతురు ఫోన్లో గట్టిగానే తిట్టింది. "ఒరేయ్, చెమటతో ఉప్పంతా పోతుంటే వట్టి నీళ్లు పోసుకుంటావేంట్రా? రక్తంలో సోడియం పడిపోతే మెదడు వాస్తుంది, ప్రాణం మీదికొస్తుంది. ముందు నీకు గంటకి ఎంత చెమట పోతుందో కొలుచుకో."

కొలవడం తేలికే. పరుగుకి ముందు బరువు చూసుకున్నాను, 73.8 కిలోలు. గంట పరిగెత్తి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూస్తే 72.5. మధ్యలో తాగింది 400 మిల్లీలీటర్లు. అంటే గంటకి 1.7 లీటర్ల చెమట. పరిగెత్తేటప్పుడు నా కడుపు గంటకి ముప్పావు లీటరుకి మించి పట్టదు. మిగతా లీటరు లోటే. ఎంత తాగినా ఈ లెక్క పూడదని అక్క చెప్పాక నాకు అసలు విషయం అర్థమైంది. తాగేది పెంచడం కాదు, చెమట పట్టేంత వేడి పుట్టకుండా చూసుకోవాలి. అంటే వేగం తగ్గించాలి.

దానికి కారణం మన మట్టికుండలోనే ఉంది. కుండ పైకి ఊరిన తడి ఆరితేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. ముసురు పట్టిన రోజుల్లో గాలిలోనే తడి ఉంటుంది కాబట్టి కుండ నీళ్లు చల్లగా ఉండవు. ఒళ్లూ అంతే. చెమట కారినంత మాత్రాన చల్లబడదు, ఆరాలి. ఉక్కలో అది ఆరకుండా బొట్లు బొట్లుగా నేల మీద పడిపోతుంది.

అప్పటి నుంచి వేగం చూడటం మానేసి గుండె ఎంత కొట్టుకుంటుందో చూశాను. నిమిషానికి 145 దాటకూడదు. జనవరి తెల్లవారుజామున ఆ 145లో కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో అయ్యేది. మే నెలలో ఎనిమిది పట్టింది. ఒప్పుకోవడానికి మనసుకి చాలా కష్టమైంది. నెలల తరబడి చేసిన కష్టం గాలికి పోయిందేమోనని టెన్షన్ పడ్డాను కూడా.

ఈత సంగతి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. పూల్‌లో నేర్చుకుని, ఆదివారాలు పడవ తోడు పెట్టుకుని కృష్ణలో ఈదాం. బ్యారేజీకి ఎగువన నీళ్లు నిలకడగా ఉంటాయి.

ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు కావాలి. రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, దానిలో ఉప్పు తగ్గుతుంది. మానేస్తే కొన్ని వారాల్లో ఆ అలవాటు పోతుంది. అందుకే రేసుకి ముందు రెండు వారాలు సెలవు పెట్టి రోజూ పదకొండు గంటలప్పుడు బయల్దేరేవాణ్ణి. "ఈ ఎండన పడి ఎక్కడికిరా?" అంటూనే అమ్మ ఉప్పేసిన మజ్జిగ సీసాలో పోసిచ్చేది. తోడుగా ఒకడు స్కూటర్ మీద వచ్చేవాడు. వడదెబ్బ కొట్టే ముందు మనిషికి తనకేమవుతోందో తెలియదు, పక్కవాడికి తెలుస్తుంది. ఈ సాధన ఒంటరిగా ఎవరూ చేయొద్దు.

రేసు రోజు మిరామార్ బీచ్‌లో అలలు కృష్ణలా లేవు. ఉప్పునీళ్లు మింగాను, అయినా 46 నిమిషాల్లో ఒడ్డుకొచ్చాను. సైకిల్ మీద ఓ స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎలక్ట్రోలైట్ లవణాలు కలిపిన నీళ్ల సీసా ఎగిరి రోడ్డు పక్కన పడింది. కరకట్ట గుర్తొచ్చింది. ఆగి, వెనక్కి నడిచి తెచ్చుకున్నాను. రెండు నిమిషాలు పోయాయి, పోనీ అనుకున్నాను. 90 కిలోమీటర్లు 3 గంటల 28 నిమిషాలు.

పరుగు మొదలయ్యేసరికి ఎండ నడినెత్తి మీదికొచ్చింది. ఎనిమిదో కిలోమీటరులో గుండె 158. కాళ్లలో ఇంకా ఓపిక ఉంది, పక్కనుంచి అందరూ దాటిపోతున్నారు. అయినా నడక మొదలుపెట్టాను. ప్రతి ఎయిడ్ స్టేషన్‌లో ఐసు టోపీలో వేసుకుని, తల మీద పెట్టుకుని, మెడ మీద నీళ్లు పోసుకుని, 145కి దిగాకే మళ్లీ పరుగు. పదహారో కిలోమీటరు దగ్గర, నన్ను దాటి వెళ్లినవాళ్లలో ఇద్దరు చెట్టు నీడన కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ల దగ్గర వాలంటీర్లు ఉన్నారు. ఒకరి కళ్లలో ఆ బెదురు నాకు బాగా తెలుసు.

7 గంటల 41 నిమిషాలకు ముగించాను. బరువు మిషన్ బెజవాడ నుంచి బ్యాగులో పెట్టుకెళ్లాను. పొద్దున 73.9, గదికొచ్చాక 71.7. అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

"రెండు కిలోలేనా? పర్లేదురా. ఇప్పుడు గటగటా తాగకు, ఏదైనా తింటూ మెల్లగా తాగు" అంది.