చవగ్గా దొరికిన 12 వోల్టుల మైకు

మొత్తానికి పాత షాట్‌గన్ మైకు, అంటే ఎదురుగా ఉన్న మాట పట్టి పక్క శబ్దాలు తగ్గించే పొడుగు మైకు, ఇవాళ ఇంటికొచ్చింది. సెన్‌హైజర్ ఎంకేహెచ్ 415టీ. చివర్లో ఉన్న ఆ ‘టీ’ వల్లే అది నా బడ్జెట్‌లోకి దిగింది, లేకపోతే దాని వంక చూసేవాణ్ణే కాదు. మైకు నడవడానికి దాని తీగలోంచే పంపే కరెంటులో రెండు పద్ధతులున్నాయి: ఇప్పటి రికార్డర్లు ఇచ్చేది 48 వోల్టుల ఫాంటమ్ పవర్, దీనికి కావాల్సింది 12 వోల్టుల టీ-పవర్. తేడా వోల్టుల్లో మాత్రమే కాదు. ఫాంటమ్‌లో మైకు ప్లగ్గులోని రెండో పిన్నుకీ మూడో పిన్నుకీ ఒకే వోల్టేజీ వెళ్తుంది కాబట్టి ఆ రెండిటి మధ్య ఏమీ ఉండదు, టీ-పవర్‌లోనేమో ఆ 12 వోల్టులూ సరిగ్గా ఆ రెండు పిన్నుల మధ్యే ఉండాలి. నేరుగా రికార్డర్‌కి తగిలిస్తే ఉలకదు, పలకదు. అలా తగిలించి చూసి ‘పనిచేయడం లేదు’ అని అమ్మకానికి పెట్టినవి కూడా ఉంటాయి, వాటిలో నిజంగా పోయినవీ కలిసి ఉంటాయి, కాబట్టి అదంతా జూదం. అమ్మినాయన పలికించి చూపించాకే నేను డబ్బు కట్టాను.

ఫాంటమ్‌ని టీ-పవర్‌గా మార్చే అడాప్టర్లు దొరుకుతాయి గానీ ఇప్పుడు అంత పెట్టలేను. మధ్యాహ్నం కూర్చుని ఎనిమిది పెన్సిల్ సెల్స్, రెండు 180 ఓమ్ రెసిస్టర్లు, ఆ కరెంటు రికార్డర్‌లోకి పోకుండా ఆపే కెపాసిటర్లు కలిపి ఒక డబ్బాలో అమర్చాను. ప్లస్సు ఎటో, మైనస్సు ఎటో మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి, ఎందుకంటే పాత నాగ్రా టేప్ రికార్డర్ల కోసం తిరగేసి చేసిన మైకులు కూడా ఉన్నాయి, వాటి మీద ఎర్ర చుక్క ఉంటుంది. నాదాని మీద లేదు. ఇంకో సంగతి, ఈ డబ్బాకి పొరపాటున కూడా డైనమిక్ మైకు (తీగచుట్ట, అయస్కాంతంతో పనిచేసే రకం) తగిలించకూడదు, కరెంటు సూటిగా దాని కాయిల్ లోంచి పోతుంది. అందుకే డబ్బా మీద పెద్దక్షరాలతో రాసి పెట్టాను, ఇంట్లో తమ్ముడున్నాడు కదా.

నిజానికి ఇంతకంటే చవగ్గా వేరేవి చూశాను. పాత ఎలక్ట్రెట్ షాట్‌గన్‌లు ఒక్క సెల్‌తో నడుస్తాయి, ఏ గొడవా లేదు, కానీ ఎలక్ట్రెట్‌లో నిలిచి ఉండే ఛార్జి ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోవచ్చు. అప్పుడు మాట సన్నబడి బుస పైకొస్తుంది, దానికి మరమ్మతు లేదు. పైగా లోపలే కారిపోయిన సెల్ ఒకటి ఉండిపోయిందంటే కాంటాక్టులన్నీ పచ్చగా పట్టిపోయి ఉంటాయి. డైనమిక్ షాట్‌గన్‌లకి కరెంటే అక్కర్లేదు, మొండివి, కానీ వాటి అవుట్‌పుట్ చాలా తక్కువ, నా చవక రికార్డర్‌లో శబ్దం పెంచే గెయిన్ తిప్పితే మనిషి మాట కంటే ముందు దాని లోపలి ప్రీఆంప్ (మైకు శబ్దాన్ని పెంచే భాగం) హోరే వినిపిస్తుంది. 415 కండెన్సర్ (కరెంటు కావాల్సిన, సున్నితమైన రకం) అయినా రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతిలో పనిచేస్తుంది, అందువల్ల గాలిలో తేమకి అంత తొందరగా చిటపటలాడదు. పాతది కొనేటప్పుడు నాకు ఇదే పెద్ద ధైర్యం.

మైకు మీది పాత ఫోమ్ తొడుగు మాత్రం పట్టుకోగానే బంకబంకగా చేతికి అంటుకుని రాలిపోయింది. ఆ పొడి మైకు ట్యూబు పక్కలనున్న గాట్లలోంచి లోపలికి పోకుండా మైకుని తలకిందులుగా పట్టుకుని మెల్లగా ఒలిచేశాను. ఫోమ్ ఎప్పుడూ కొత్తదే కొనాలి, అందులో పొదుపు పనికిరాదు.

సాయంత్రం పరీక్ష. తమ్ముడి చేతికి తాళాల గుత్తి ఇచ్చి మైకు చుట్టూ తిరగమన్నాను. ఎదురుగా ఉన్నప్పుడు గలగలా వినిపించింది, పక్కకి వెళ్ళేసరికి ఆ గలగల మొద్దుబారి బాగా తగ్గింది, అంటే ట్యూబు గాట్లు పూడుకుపోలేదన్నమాట. పక్క నుంచి వచ్చే శబ్దం ఒక్కో గాటులోంచి ఒక్కో క్షణంలో దూరి తమలో తామే కొట్టేసుకుంటుంది, ఉన్న మహిమంతా అదే. అయితే జానెడు పొడవు ట్యూబుకి లోతైన (బేస్) శబ్దాలు లొంగవు, 100 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవే దాదాపు 3.4 మీటర్లు. అందుకే ఫ్యాను రొద ఏ పక్క నుంచైనా వచ్చేస్తోంది.

“అన్నయ్యా, దీంతో వీధి చివర మాట్లాడేవాళ్ళు కూడా వినిపిస్తారా?” అన్నాడు. వినిపించరు. ఇది దూరాన్ని దగ్గరికి లాగదు, పక్కవాటిని తగ్గిస్తుంది, అంతే. చిన్న గదిలో అయితే అదీ సరిగ్గా చేయదు, గోడల మీద పడి తిరిగొచ్చే మాట కలిసి డబ్బాలో మాట్లాడినట్టు వస్తుంది. లోపల ఒకసారి, ఆరుబయట ఒకసారి వాడి మాటలే రికార్డు చేసి వినిపించాను. బయటిది బాగుందన్నాడు, నాకూ అలాగే అనిపించింది. ఈలోగా గాట్లున్న చోట పిడికిలి బిగించి పట్టుకుని యాంకర్‌లా మాట్లాడటం మొదలుపెట్టాడు. “ఒరేయ్, అక్కడ మూస్తే అది షాట్‌గనే కాదురా” అని లాక్కున్నాను.

అమ్మినాయన దగ్గర పొడుగు 815టీ కూడా ఉంది, రెండూ కలిపి తీసుకుంటే తగ్గిస్తానన్నాడు. తమ్ముడికి చాలా మోజు. నేను వద్దనుకున్నాను. అంత ఇరుకు మైకుని మాట్లాడేవాళ్ళ నోటి వైపే గురిపెట్టి ఉంచే మనిషి కావాలి, నాకు దొరికేది వీడొక్కడే, వీడు రెండు నిమిషాలు కుదురుగా నిలబడడు. ఆ డబ్బుతో ముందు గాలి హోరు ఆపే బొచ్చు విండ్‌షీల్డ్, చేతి కుదుపు మైకుకి తగలకుండా పట్టే ఒక షాక్ మౌంట్ కొంటాను. ఇవాళ బయట కాస్త గాలి వీచిన ప్రతిసారీ రికార్డింగ్ బుడబుడమంది, ఆ ముక్కలేవీ వాడుకోవడానికి పనికిరావు.