మెట్ల మీద ఆవిడ

చిన్నదాని స్కూల్లో గ్రీకు తత్వవేత్తల మీద చార్టు చెయ్యమన్నారు. చార్టంటే ఎవరి పనో మీకు తెలుసుగా. ఇప్పుడది పడుకుంది, నేనింకా ఆ బొమ్మలు చూస్తూ కూర్చున్నాను.

మొదట హెరాక్లిటస్‌తో మొదలెట్టాం. ఏడుపు తత్వవేత్త అని పేరు పడ్డాయన. 1628లో టెర్ బ్రుగ్గెన్ అనే డచ్చి ఆయన వేసిన బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. భూగోళం మీదకి వాలి, లోకం బాధంతా తన నెత్తిన పడ్డట్టు ఉంటాడు. దానికి జోడీగా నవ్వుతున్న ఇంకో గ్రీకు తత్వవేత్త డెమోక్రిటస్ బొమ్మ. హెరాక్లిటస్ రాసినవాటిలో మనకి మిగిలిన ముక్కల్లో ఆయన ఏడ్చిన జాడే లేదు. తర్వాతెప్పుడో రోమన్లు వీళ్ళిద్దరినీ జంట చేసి ఒకరికి ఏడుపు, ఒకరికి నవ్వు పంచారు. ఇక చిత్రకారులకి అదే పట్టుకుంది. ఎందుకో ఆ ఏడుపు నాకు ఎక్కలేదు. ఎవరూ పోకుండా ఏడవడమేంటి?

అప్పుడు చిన్నది సోక్రటీసు బొమ్మ తీసింది. ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ 1787లో వేసినది, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. సోక్రటీసుకి మరణశిక్ష వేసి జైల్లో విషం తాగమన్నారు, ఆ ఘడియ బొమ్మ అది. మంచం మీద కూర్చుని ఒక చెయ్యి పైకెత్తి మాట్లాడుతూనే, రెండో చెయ్యి విషం గిన్నె వైపు చాపాడు, అటు చూడనైనా చూడకుండా. గిన్నె అందించే ఎర్రబట్టల కుర్రాడు మొహం తిప్పేసుకుని కళ్ళు మూసుకున్నాడు. స్నేహితుడు క్రీటో సోక్రటీసు తొడ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు, వదిలితే ఇప్పుడే పోతాడన్నట్టు. మంచం కాళ్ళ దగ్గర తల వంచుకుని శిష్యుడు ప్లేటో.

"అమ్మా, ఆ మెట్ల మీద ఆవిడెవరు?" అంది చిన్నది. నేను ఇన్నేళ్ళలో చూడనేలేదు. ఎడమ పక్క, వెనకాల, చీకటి నడవా చివర మెట్లెక్కిపోతూ వెనక్కి తిరిగి చెయ్యెత్తిన చిన్న ఆకారం. జాంటిపీ. ఆయన భార్య. చిన్నదాని కళ్ళకి దండం పెట్టాలనిపించింది.

ఆ ప్రింటు తీయించడానికి సాయంత్రం జిరాక్స్ షాపుకి పంపిస్తే జాంటిపీ లేకుండా వచ్చింది. ఫోన్ చేస్తే, "అటు పక్క ఖాళీగానే ఉంది కదా మేడమ్, మెయిన్ బొమ్మ పెద్దగా రావాలని కట్ చేశా" అన్నాడు. ఖాళీ అట! మా ఈయన ప్రింటు చూసి "బానే ఉందిగా" అన్నారు. ఆయన సంగతి మీకు చెప్పక్కర్లేదు. అన్నం కూడా సరిగా తినలేదు నేను.

ఆ కోపంలో సోక్రటీసు ఆఖరి రోజు గురించి ప్లేటో రాసిన పుస్తకం తీసి చదివాను. అది ఇంకా మండించింది. ఆఖరి రోజు పొద్దున్న స్నేహితులు జైలుకి వెళ్ళేసరికే ఆవిడ పిల్లాణ్ణి ఎత్తుకుని మొగుడి పక్కన కూర్చుని ఉంది. వీళ్ళని చూడగానే గొల్లుమంది. ఏమందో తెలుసా? నీ స్నేహితులు నీతో, నువ్వు వాళ్ళతో మాట్లాడుకునేది ఇదే ఆఖరు కదయ్యా అని. ఆడవాళ్ళు మామూలుగా అనే మాటలే అంది అంటాడు ఫీడో. ఆ రోజు అక్కడున్న శిష్యుడు, పుస్తకంలో కథ చెప్పేది అతనే. సోక్రటీసు వెంటనే ఎవరైనా ఈవిణ్ణి ఇంటికి తీసుకుపొండి అన్నాడు. సాయంత్రం విషం తాగాక అదే ఫీడో మొహం కప్పుకుని ఏడ్చాడు. తను ఏడ్చింది ఆయన కోసం కాదు, అలాంటి స్నేహితుణ్ణి పోగొట్టుకున్న తన ఖర్మకి అని తనే చెప్పాడు. ఆపొల్లోడోరస్ అనే ఇంకో స్నేహితుడు బావురుమంటే గదిలో అందరూ ఏడ్చారు. ఇందుకే కదా ఆడవాళ్ళని పంపేసింది అని సోక్రటీసు చీవాట్లు పెట్టాడు.

మామూలుగా అనే మాటలా అవి? మా వైపు మొగుడు పోతుంటే "నన్నెవరికి అప్పజెప్పి పోతున్నావయ్యా" అంటారు. మా అమ్మమ్మా అదే అంది. నీ స్నేహితులతో కబుర్లు ఇంకెక్కడివి అని ఏడ్చినావిణ్ణి నేనైతే చూడలేదు. ఆవిణ్ణేమో లోకం గయ్యాళిని చేసి కూర్చోబెట్టింది.

తాతయ్య పోయిన రాత్రి పెదమామయ్యా ఇంతే. "ఆడవాళ్ళంతా అవతలికి నడవండి, ఏడిస్తే ఆయన ప్రాణం కొట్టుకులాడుద్ది" అని కసిరేశాడు. అమ్మమ్మని రెక్క పట్టుకుని వసారాలో కూర్చోబెట్టారు. ఆవిడ చేతిలో తాతయ్య నశ్యం డబ్బా. మూత తీస్తుంది, పెడుతుంది, తీస్తుంది. లోపల మగాళ్ళు తులసినీళ్ళు పోస్తున్నారు. యాభై ఏళ్ళు ఆయనకి కంచం పెట్టిన మనిషి బయట. నన్ను దొడ్లోకి బిందె తెమ్మని పంపారు. గడ్డివాము వెనక పెదమామయ్య. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. చప్పుడు రాకుండా ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది. నన్ను చూశాడు. పో అన్నట్టు చెయ్యి ఊపాడు. లోపలికెళ్ళి మళ్ళీ కసరడం మొదలెట్టాడు.

ఇది రాస్తుంటే సోక్రటీసు మీద కోపం కొంచెం తగ్గింది. ఆవిడ ఏడిస్తే తనూ జారిపోతాడని భయపడ్డాడేమో? అమ్మమ్మ ఉంటే పెదమామయ్య నిలబడగలిగేవాడు కాదేమో? ఏమో. కానీ వాళ్ళు నిలబడటానికి వీళ్ళు వసారాలోకి పోవాలా? లేదు, తగ్గలేదు.

ప్లేటో విషయంలో మాత్రం మెత్తబడ్డాను. సోక్రటీసు పోయిన రోజు ఆయన ఒంట్లో బాలేక అసలు రానేలేదు. పుస్తకంలో తన గురించి ఆ ఒక్క ముక్కే రాసుకున్నాడు. అప్పటికి ముప్ఫై కూడా లేవు. డేవిడ్ మాత్రం తెల్లజుట్టు ముసలాణ్ణి చేసి కూర్చోబెట్టాడు. సోక్రటీసుకి వీపు పెట్టి కూర్చున్నా ఆ గది మొత్తంలో నాకు నిజంగా ఏడుస్తున్నట్టు కనిపించింది ఆయనే, కంట్లో చుక్క లేదు గానీ. లేనివాడికే అదంతా ముసలితనం దాకా కనిపిస్తూ ఉంటుందేమో. జాంటిపీ మాటల్ని అక్షరాల్లో పెట్టిందీ ఆయనే.

ఆగలేక ఇందాక అమ్మకి ఫోన్ చేశా. గడ్డివాము సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"వాడా? ఏడవడమా? వాడు బండరాయే. నువ్వు చిన్నపిల్లవి, కలగని ఉంటావు" అంది. ఆ వెంటనే, పోయినేడాది ఆవకాయ జాడీ నా దగ్గరే ఉండిపోయిందట, ఈసారి వచ్చేటప్పుడు మర్చిపోకుండా తెమ్మంది.