కురుసుర మోడల్: హల్ పూర్తయింది, ఇక తుప్పు పని

విశాఖ బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్‌కి నేను చేస్తున్న మోడల్ హల్ (ఓడ మొండెం) వరకూ వచ్చింది. స్కేల్ 1:100. అసలుది 91.3 మీటర్ల పొడవు, 7.5 మీటర్ల వెడల్పు. అంటే మోడల్ 91.3 సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు ఉండాలి. ప్లంబింగ్ షాపులో దొరికే 75 ఎంఎం పీవీసీ పైపు బయటి కొలత సరిగ్గా అంతే. ఈ స్కేల్ ఎంచుకోవడానికి సగం కారణం అదే.

సముద్రంలో తిరిగిన రోజుల కురుసురని కాదు, ఇప్పుడు ఒడ్డున ఉన్న కురుసురనే చేస్తున్నాను. కింద కాంక్రీటు దిమ్మెలు, జనం లోపలికి వెళ్లడానికి పక్కన కోసిన తలుపులు, మెట్లు అన్నీ పెడతాను. తలుపులు కోసి పాడు చేశారు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నావికులు దిగే హ్యాచ్‌లోంచి, అంటే పైనున్న ఇరుకు మూత ద్వారంలోంచి, నిలువు నిచ్చెన మీద ఎంతమంది పిల్లలు, పెద్దవాళ్లు దిగగలరు? 1969 డిసెంబరు 18న నేవీలో చేరి, 1971 యుద్ధంలో గస్తీ తిరిగి, 2001 ఫిబ్రవరిలో సెలవు తీసుకున్న ఓడ ఇది. ఒడ్డుకు లాగి, నిలబెట్టి, జనానికి తెరిచేసరికి 2002 ఆగస్టు వచ్చింది. లోపల మాజీ నేవీ వాళ్లే గైడ్లుగా ముందువైపు 6, వెనకవైపు 4 టార్పెడో ట్యూబుల సంగతి చెబుతుంటే వినడానికి ఆ తలుపులే దారి.

ఇక పని సంగతి. పీవీసీ మీద రంగు నిలవదు. ముందు 220 నంబరు ఎమరీ పేపర్‌తో నిగారింపు పోయేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, అప్పుడే ప్రైమర్ కొట్టాలి. ముక్కు, తోక బాల్సా చెక్కతో చెక్కి ఆరల్డైట్‌తో అతికించాను. అతుకుల దగ్గర కార్లకు వాడే పుట్టీ పలచగా, పొర మీద పొరగా వేయాలి. ఒకేసారి మందంగా వేస్తే ఆరాక పగులుతుంది. పైన చదునుగా ఉండే డెక్ 2 ఎంఎం ప్లైవుడ్. పక్కన వరసగా కనిపించే, బయటి తొడుగులోకి నీళ్లు వచ్చిపోయే కంతల్ని సన్నటి డ్రిల్‌తో తోడి, సూదిమొన ఆకురాయితో పలకలుగా సాపు చేశాను. చెయ్యి నొప్పి పుట్టే పని ఇదే. ఎండాకాలం పైపుని మేడ మీద ఆరబెట్టకండి, వంగిపోతుంది.

ఈ తరగతి సబ్‌మెరైన్‌లో 7 కంపార్ట్‌మెంట్లు. అందుకే పైపు లోపల వాటి మధ్య గోడలు వచ్చే చోట ప్లైవుడ్ బిళ్లలు బిగించి, స్టాండ్లను సరిగ్గా ఆ బిళ్లల కిందే పెట్టాను. ఇది మోడల్ బలం కోసం మాత్రమే కాదు, అసలు ఓడ బరువు సంగతి గుర్తుచేయడానికి కూడా. నీళ్లలో ఉన్నప్పుడు ఓడని చుట్టూ ఉన్న నీరే సమంగా మోస్తుంది. గట్టెక్కించాక దాదాపు రెండు వేల టన్నుల బరువు కొన్ని దిమ్మెల మీదే పడుతుంది. స్వీడన్‌లో 1961లో నీళ్లలోంచి పైకి తీసిన వాసా అనే పాత చెక్క ఓడ, పాత ఆధారాల మీద తన బరువుకి తానే కుంగుతోందని, దానికి కొత్త ఆధారాలు కట్టే పని పెట్టుకున్నారు.

బరువు కన్నా మొండి శత్రువు ఉప్పు గాలి. సముద్రంలో తిరిగే ఓడకి జింక్ దిమ్మలు కట్టి, ఉక్కు బదులు జింక్ కరిగేలా చూస్తారు. ఆ ఏర్పాటు చుట్టూ నీళ్లుంటేనే పనిచేస్తుంది. గాలిలో ఉన్న హల్‌కి రంగు పూతే దిక్కు. పైగా నీటి కంతల వెనక, బయటి తొడుగుకీ లోపలి గట్టి హల్‌కీ మధ్య సందులో తేమ చేరితే అక్కడికి బ్రష్ వెళ్లడం కష్టం. తెరిచిన కొన్నేళ్లకే బయటి తొడుగు తుప్పు తిని ఉక్కు రేకులు మార్చాల్సి వచ్చింది. మ్యూజియం అంటే ఒకసారి రిబ్బన్ కోసి వదిలేసే పని కాదు, ప్రతి వానాకాలం తర్వాత డబ్బులు పెట్టాల్సిన పని. ముంబైలో మ్యూజియంగా తేలుతూ ఉన్న పాత విమానవాహక నౌక విక్రాంత్‌ని 2012లో భద్రత లేదని మూసి, 2014లో తుక్కు కింద అమ్మేశారు. మరో విమానవాహక నౌక విరాట్‌ని తెచ్చుకుంటామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ముందుకొచ్చింది, డబ్బు లెక్క కుదరలేదు. 2020లో అదీ గుజరాత్‌లో ఓడల్ని తుక్కు చేసే అలంగ్‌కి పోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ఈ మోడల్‌లో తుప్పుని శ్రద్ధగా చూపిస్తున్నాను. ముందు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి పూర్తిగా ఆరనిచ్చాను. తుప్పు కావలసిన చోట తడిచేసి, నలిపిన కళ్లుప్పు చల్లి, ఆరాక పైన నల్ల రంగు స్ప్రే చేశాను. అది ఆరాక పాత టూత్‌బ్రష్‌తో నీళ్లు పోస్తూ రుద్దితే ఉప్పు ఊడిపోయి, రంగు పెచ్చులు లేచినట్టు కింద ఎరుపు బయటపడుతుంది. ఒళ్లంతా చల్లితే పాడుబడిన ఓడలా కనిపిస్తుంది, ఏటేటా రంగులేసి కాపాడుకునేవాళ్లకి అది అన్యాయం. నేను దగ్గరగా తీసిన ఫొటోలు చూసుకుంటూ కంతల కింది అంచుల్లో, రేకుల అతుకుల దగ్గర మాత్రమే వేశాను. మీద మ్యాట్ వార్నిష్ ఒక పూత.

తర్వాత వెనకవైపు మూడు ప్రొపెల్లర్లు. అర మిల్లీమీటరు ఇత్తడి రేకు తెచ్చిపెట్టాను. రెక్కల వంపు ఫొటోల్లో సరిచూసుకుని కోస్తాను. ఆ తర్వాత తలుపులు, మెట్లు, చివర్లో కానింగ్ టవర్ (డెక్ మీద నిలువుగా లేచే బురుజు) మీద ఎస్20 నంబరు.