లక్సెంబర్గ్‌లో ఆరు రాత్రులు: ఇద్దరికి మూడు లక్షల లెక్క

లక్సెంబర్గ్‌లో బస్సు, ట్రామ్, రైలు అన్నీ ఉచితమని వినగానే బడ్జెట్ సగం తేలిపోయినట్టే అనిపిస్తుంది. తేలదు. 2020 ఫిబ్రవరి 29 నుంచి ఆ దేశమంతటా సెకండ్ క్లాస్ ప్రయాణానికి టికెట్టే లేదు, పర్యాటకులకు కూడా. కానీ అక్కడ డబ్బు కరిగేది తిరగడానికి కాదు, పడుకోవడానికి. అందుకే నా షీట్‌లో మొదటి వరుస ఫ్లైట్ కాదు, హోటల్. ఏ నెల, ఏ వారాలు, ఏ ఊరు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే మిగతా గడులు నింపడం మొదలుపెట్టాను.

రాజధాని జనాభా లక్షన్నర లోపే. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు, లెక్కలేనన్ని ఫైనాన్స్ కంపెనీలు ఉన్నది ఇక్కడే. హోటళ్లకు పోషకులు పర్యాటకులు కాదు, పని మీద వచ్చే అధికారులు, లాయర్లు, బ్యాంకు వాళ్లు. వాళ్లు సోమవారం దిగి గురువారం వెళ్లిపోతారు. అరకులో శనాదివారాలు రేట్లు పెరిగితే ఇక్కడ సరిగ్గా అప్పుడే తగ్గుతాయి. ఒకే గదిని ఆదివారం రాత్రికీ మంగళవారం రాత్రికీ విడివిడిగా వెతికి చూడండి, తేడా కళ్లకు కడుతుంది. మొత్తం ఆరు రాత్రులకు కలిపి వెతికితే సగటు ఒక్కటే కనిపించి ఈ సంగతి దాగిపోతుంది.

నెలల్లోనూ ఇలాంటి మెలికే ఉంది. యూరోపియన్ యూనియన్ మంత్రుల సమావేశాలు మామూలుగా బ్రస్సెల్స్‌లో జరుగుతాయి, ఏప్రిల్, జూన్, అక్టోబర్ నెలల్లో మాత్రం లక్సెంబర్గ్‌లో పెడతారు. ఆ మూడు నెలల్లో వారం మధ్య గదులకు గిరాకీ పెరుగుతుంది. జూన్ 23 జాతీయ దినం. ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా షూబర్‌ఫూర్ అనే పెద్ద తిరునాళ్ల సాగుతుంది. ఆగస్టులో ఆఫీసుల వాళ్లు సెలవుల మీద పోతారు కాబట్టి వారం మధ్య రేట్లు దిగుతాయి, కానీ రైలు పట్టాల మరమ్మతులు కూడా తరచూ ఆ సెలవుల్లోనే పెట్టుకుంటారు. రైలు బదులు బస్సు వేస్తారు, అదీ ఉచితమే, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది. ఇవన్నీ చూసుకుని నేను సెప్టెంబర్ రెండో సగం ఖాయం చేసుకున్నాను. మే నెల కూడా బాగుండేది, కానీ వేసవికి ముందు వీసా అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం.

ఇక ఏ ఊళ్లో ఉండాలి? రైలు ఉచితం కాబట్టి రాజధానిలోనే దిగాలన్న నియమం లేదు. ఉత్తరాన ఎటెల్‌బ్రుక్, దక్షిణాన ఎష్ ఉన్నాయి. రెండింటి నుంచీ రాజధానికి సుమారు అరగంట రైలు. సెప్టెంబర్ తేదీలకు నేను షీట్‌లో వేసుకున్న ధరలు ఇవి: రాజధానిలో శుక్ర, శని, ఆదివారాలు రాత్రికి 110 యూరోలు, సోమ, మంగళ, బుధవారాలు 170. ఆరు రాత్రులకు 840 యూరోలు. ఎటెల్‌బ్రుక్‌లో అన్ని రోజులూ 95 చొప్పున 570. తేడా 270 యూరోలు, అంటే 28 వేల రూపాయల పైమాటే. అరగంట ప్రయాణానికి అంత పొదుపు నాకు సబబనిపించింది. రాత్రి ఆఖరి రైలు ఎప్పుడో మాత్రం రాసి పెట్టుకోవాలి. అది తప్పితే టాక్సీకి అయ్యే డబ్బు రెండు రాత్రుల పొదుపును మింగేస్తుంది.

చాలామంది ఇక్కడ ఇంకో ఎత్తు వేస్తారు. సరిహద్దు దాటితే జర్మనీలో ట్రియర్ ఉంది, గదులు ఇంకా చవక, రైలు గంట లోపే. లెక్క వేసి చూశాను. రాత్రికి 80 చొప్పున ఆరు రాత్రులకు 480 యూరోలు. కానీ ఉచితం అన్నది సరిహద్దు స్టేషన్ వాసర్‌బిలిగ్ వరకే, అక్కడి నుంచి జర్మనీ భాగానికి టికెట్ కొనాలి. మనిషికి రానూపోనూ 10 యూరోలు వేసుకున్నా ఇద్దరికి ఐదు రోజులకు 100. మొత్తం 580. ఎటెల్‌బ్రుక్ కంటే పది ఎక్కువే! టికెట్ లేకుండా దొరికితే జర్మనీ రైళ్లలో జరిమానా 60 యూరోలు. అన్నిటికంటే ముఖ్యం వీసా. షెంగెన్ వీసాకు (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే చెల్లే వీసా) ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఆరు రాత్రులూ ట్రియర్‌లో పడుకుని లక్సెంబర్గ్‌కు అప్లై చేస్తే కాగితాలే ఎదురు తిరుగుతాయి. గది మార్చడమంటే ఒక్కోసారి వీసా దేశమే మార్చడం.

వీసా ఖర్చు దగ్గరే చాలా షీట్లు తప్పుతాయి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, ఆరేళ్ల లోపు పిల్లలకు లేదు. దాని మీద అప్లికేషన్ సెంటర్ సర్వీస్ చార్జి, ఫొటోలు, కొరియర్. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజితో, షెంగెన్ దేశాలన్నిటికీ చెల్లేదిగా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, 15 రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. పాస్‌పోర్ట్ పదేళ్ల లోపు జారీ అయినదై, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. వీసా రాకపోతే ఫీజు వెనక్కి రాదు. కాబట్టి డబ్బు కట్టే వరుస ముఖ్యం: ముందు ఉచితంగా రద్దు చేసుకోగలిగే హోటల్ బుకింగ్, ఫ్లైట్ రిజర్వేషన్, ఇన్సూరెన్స్. ఆ తర్వాత వీసా. రద్దు కాని చవక ధరలకు మారడం పాస్‌పోర్ట్ చేతికొచ్చాకే. హోటల్ రద్దు గడువు అపాయింట్‌మెంట్ తర్వాత కనీసం నాలుగైదు వారాలు ఉండేలా చూసుకుంటాను. గడువు ముందే ముగిసిపోతే ఉచిత రద్దు అన్న మాటకు అర్థం లేదు. అన్నట్టు, ఇటియాస్ అనే ఆన్‌లైన్ అనుమతి వీసా అక్కర్లేని దేశాల వాళ్లకు సంబంధించినది. దాని పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

షెంగెన్ అన్నది లక్సెంబర్గ్‌లోనే మోసెల్ నది ఒడ్డున ఉన్న చిన్న పల్లె. 1985 జూన్ 14న సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంగెన్ ఒప్పందం మీద సంతకాలు అక్కడ పడవలో జరిగాయి. ఉచిత బస్సులో వెళ్లి చూసి రావచ్చు. మన పాస్‌పోర్ట్‌లో స్టిక్కరు వెనక కథంతా అక్కడే ఉంది.

హైదరాబాద్ నుంచి లక్సెంబర్గ్‌కు నేరు విమానం లేదు. రెండు దారులు. ఒకటి, చివరి దాకా ఒకే టికెట్: మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే వేరే విమానం ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే, సామాను కూడా నేరుగా అక్కడే దిగుతుంది. రెండోది, ఫ్రాంక్‌ఫర్ట్ దాకా విమానం, అక్కడి నుంచి బస్సో రైలో. ముందుగా కొంటే ఇది చవక. అయితే తక్కువ ధర రైలు టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. 2025 అక్టోబర్ నుంచి సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త విధానం మొదలైంది కాబట్టి ఇమిగ్రేషన్ క్యూ ఎంతసేపో చెప్పలేం. ఈ దారిలో వెళ్తే నాలుగు గంటల ఎడం పెట్టుకోవాలి. నేను మొదటి దారికి మనిషికి 75 వేలు వేసుకున్నాను. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి 2025 మార్చి నుంచి ట్రామ్ నడుస్తోంది, ఉచితం. ఆ గడిలో సున్నా వేసుకునే అవకాశం యూరప్‌లో అరుదు. రైల్లో ఎక్కేటప్పుడు బోగీ మీద 1 అంకె ఉంటే అది ఫస్ట్ క్లాస్, దానికి టికెట్ కావాలి.

చూసేవాటిలోనూ ఉచితాలు చాలా. లోయ అంచున కార్నీష్ నడక దారి, గ్రుండ్ పేట, ఫాఫెన్‌తాల్ నుంచి పాత ఊరికి ఎక్కే 71 మీటర్ల అద్దాల లిఫ్ట్, ఫాఫెన్‌తాల్ నుంచే కిర్ష్‌బర్గ్ గుట్ట మీదికి ఫ్యూనిక్యులర్ (తాడుతో లాగే రైలు). ఎటెల్‌బ్రుక్ నుంచి వచ్చే రైలు ఫాఫెన్‌తాల్-కిర్ష్‌బర్గ్ స్టేషన్లో ఆగుతుంది. సెంట్రల్ స్టేషన్ దాకా పోకుండా అక్కడే దిగితే మోకాళ్లకు సుఖం, సమయమూ మిగులుతుంది. డబ్బు పెట్టాల్సినవి: బోక్ కోట కింద రాతి సొరంగాలు, వియాన్డెన్ కోట, క్లెర్వో కోటలో 'ద ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్' ఫొటో ప్రదర్శన. మనిషికి 40 యూరోలు సరిపోతాయి. టూరిస్ట్ కార్డు కొనాలా వద్దా అన్నది సులువు లెక్కే: మిగతా ఊళ్లలో కార్డు విలువ సగం రవాణా వల్ల వస్తుంది, ఇక్కడ ఆ సగం లేదు. వెళ్లబోయే వాటి ప్రవేశ రుసుములు కూడి కార్డు ధరతో పోల్చండి. రోజుకు ఒక్క చోటే చూసేవాళ్లకు గిట్టదు. సోమవారం మూసి ఉండే మ్యూజియంలు ఉంటాయి, అది కూడా చూసుకోండి.

తిండి దగ్గర పిసినారితనం వద్దు, ప్రణాళిక కావాలి. పనిదినాల్లో మధ్యాహ్నం రెస్టారెంట్లలో ఆ రోజు వంటకం పేరుతో ఒక ప్లేటు తక్కువకు పెడతారు. దానికి మనిషికి 18 యూరోలు వేశాను. అదే చోట రాత్రి తింటే బిల్లు చాలా పైకి పోతుంది. పొద్దున, రాత్రి సూపర్‌మార్కెట్. ఇద్దరికి రోజుకు 60 యూరోలు: పొద్దున 8, మధ్యాహ్నం 36, రాత్రి 16. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు లేదా మధ్యాహ్నానికే ముగిస్తారు, శనివారమే కొని పెట్టుకోవాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు. రెస్టారెంట్లో సీసా నీళ్లకు విడిగా బిల్లు వేస్తారు. సంతల్లో వేయించి అమ్మే గ్రోంపెరెకిచెల్చర్ అనే ఆలూ అట్లు శాకాహారంలా కనిపిస్తాయి, పిండిలో గుడ్డు ఉంటుంది.

ఇంటి నుంచి తీసుకెళ్లే సరుకుల్లో ఓ జాగ్రత్త. యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు సామానులో తేకూడదు. నెయ్యి, కోవా స్వీట్లు, చికెన్ పచ్చడి ఆ కోవలోకే వస్తాయి. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, పులిహోర పొడి, అటుకులు పర్లేదు. వంటగది ఉన్న గది దొరికితే బియ్యం అక్కడే కొనడం మేలు.

యూరోను 105 రూపాయలుగా పెట్టి ఇద్దరికి తేలింది ఇది. ఫ్లైట్లు 1,50,000. వీసా, సర్వీస్ చార్జి, ఇన్సూరెన్స్ కలిపి 28,000. ఎటెల్‌బ్రుక్ గది 59,850. తిండి 37,800. ప్రవేశ రుసుములు 8,400. ఒక రోజు ట్రియర్ చూసి రావడానికి రైలు 2,100. ఈ-సిమ్‌లు 3,000. అక్కడ పెట్టే 1,030 యూరోల మీద పది శాతం చేతిలో ఉంచుకునేది 10,815. మొత్తం 2,99,965. రాజధానిలోనే ఉంటే దీనికి 28,350 కలపండి. షాపింగ్ ఇందులో లేదు, అది ఎవరి సంగతి వాళ్లకే తెలుసు.

ఆ పది శాతంలో కొంత మనకు తెలియకుండా కార్డే తినేస్తుంది. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డుల మీద విదేశీ మార్కప్ (విదేశీ చెల్లింపు మీద బ్యాంకు వేసే అదనపు చార్జి) 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 4.13 శాతం. 1,030 యూరోల మీద దాదాపు 4,470 రూపాయలు. మార్కప్ లేని కార్డు ఒకటి బయల్దేరే నెల ముందే తీసుకుని, విదేశీ వాడకం యాప్‌లో ఆన్ చేసి, ఇక్కడే ఒక చిన్న అంతర్జాతీయ లావాదేవీ చేసి చూడాలి. దుకాణంలో మెషీన్ గానీ ఏటీఎం గానీ రూపాయల్లో చార్జ్ చేయమంటారా అని అడిగితే వద్దని యూరోనే నొక్కాలి. రూపాయలంటే వాళ్ల రేటు, వాళ్ల లాభం. నగదు 150 యూరోలు చాలు, అవి కూడా ఊళ్లోని మనీ ఛేంజర్ దగ్గర కొనండి, ఎయిర్‌పోర్ట్ కౌంటర్లో కాదు.

టూర్ ప్యాకేజీ ధరతో ఈ లెక్కను పోల్చేవాళ్లు టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) ఎంతో అడిగి తెలుసుకోవాలి. అది ఖర్చు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. కానీ అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు, షీట్‌లో దానికీ ఒక వరుస పెట్టాలి.