పక్క కుర్చీలో నేర్చుకున్న పని

ఆఫీసులో 25 శాతం సిబ్బంది ఉంటే 2025 నాటికి చాలునని 2020లో ఐటీ కంపెనీ టీసీఎస్ ప్రకటించినప్పుడు, మాదాపూర్‌లో మరో కంపెనీలో పనిచేసే మేము ట్రాఫిక్ బాధ తప్పుతుందని సంతోషించామే గాని, కొత్తవారు ఎవరిని చూసి నేర్చుకుంటారని ఆలోచించలేదు. సీనియర్ పక్కన కూర్చుని, ఆయన లాగ్ ఫైలును (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు జరిగినవి వరుసగా నమోదయ్యే ఫైలు) చివరి వరుస నుంచి పైకి చదవడం చూసి నేను ప్రోగ్రామ్‌లో తప్పు పట్టుకోవడం నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆఫీసు వారానికి మూడు రోజులే. మా బృందంలో చేరిన అమ్మాయి శిక్షణ వీడియోలన్నీ పూర్తి చేసినా, మొదటి సమస్య ఎదురైనప్పుడు ఎవరిని అడగాలో తెలియక రెండు రోజులు మౌనంగా ఉండిపోయింది. ఆ లోపం మాదే. అందుకే ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో గంటసేపు నా స్క్రీన్ చూపిస్తూ, తడబడిన చోటు కూడా దాచకుండా, ఆలోచనను పైకి చెబుతూ పనిచేస్తున్నాను. నిన్న ఆమె లాగ్‌ను చివరి వరుస నుంచి చదివింది.